పట్టేసిన ఇంజనుకు సెల్ఫ్ కొట్టడం ఆపించండి

సంపాదకులకు,

అయ్యా,

సముద్రంలో చేపల వేట నిషేధం ముగిసే గడువు దగ్గర పడింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు కట్టేసి ఉంచిన మరబోట్లన్నీ ఇంచుమించు ఒకే రాత్రి కదులుతాయి. ఈ రోజుల్లో పత్రికల నిండా ఐసు ధర, డీజిల్ రాయితీ, నిషేధ కాలానికి ప్రభుత్వమిచ్చే భృతి అందనివాళ్ల మొర ఉంటాయి. ఉండాల్సినవే. కాకినాడ జెట్టీల మీద చాలా ఏళ్లు డీజిల్ ఇంజన్లు విప్పి కట్టినవాణ్ణి కాబట్టి, ఆ వార్తల్లో ఎక్కడా కనబడని సంగతి ఒకటి రాస్తున్నాను. నిషేధం ముగిశాక షెడ్డుకు చేరే ఇంజన్లలో చాలావాటిని పాడుచేసింది సముద్రం కాదు, ఒడ్డున కొట్టిన సెల్ఫ్.

జరిగేది ఇది. సెల్ఫ్ కొడతారు. ఇంజన్ కాస్త తిరిగి ఠక్కున ఆగిపోతుంది. మళ్లీ కొడతారు, మళ్లీ అక్కడే ఆగుతుంది. బ్యాటరీ దిగిపోయిందనుకుని పక్క బోటు బ్యాటరీ అరువు తెస్తారు. పన్నెండు వోల్టుల మోటారుకు ఇరవై నాలుగు ఇచ్చినవాళ్లను కూడా చూశాను. అప్పటికే ఐసు దిగింది, బోటు కూలీలైన కలాసీలు ఎక్కారు, బోటు నడిపే సరంగు తొందర పెడుతున్నాడు. చివరికి ఎలాగో ఇంజన్ తిరుగుతుంది, స్టార్ట్ కూడా అవుతుంది. బోటు వెళ్లిపోతుంది. లోపల పిస్టన్‌ను క్రాంక్ షాఫ్టుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు అప్పటికే వంగి ఉంటుంది.

ఎందుకు వంగుతుందో చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామంది మెకానిక్కులే నమ్మని విషయం. గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. మన మరబోట్లలోని ఆరు సిలిండర్ల ఇంజన్లలో ఒక్కో సిలిండర్ సుమారు లీటరు ఉంటుంది. గాలిని నొక్కే నిష్పత్తి (కంప్రెషన్) 17కు 1 అనుకుంటే, పిస్టన్ పైకి చేరినప్పుడు దాని మీద మిగిలే చోటు 60 మిల్లీలీటర్లకు కాస్త అటూ ఇటూ. అంటే చిన్న గ్లాసు టీ పట్టేంత. అంతకన్నా ఎక్కువ నీళ్లు సిలిండర్లో ఉంటే, వాల్వులు మూసుకున్నాక పిస్టన్ పైకి వెళ్లే దారే లేదు. సెల్ఫ్ మోటారు తోస్తూనే ఉంటుంది, ఫ్లైవీల్ అనే పెద్ద చక్రం బరువు దానికి తోడవుతుంది, మధ్యలో నలిగేది రాడ్డు. కొద్దిగా వంగిన రాడ్డుతో ఇంజన్ కొన్నాళ్లు నడుస్తుంది కూడా. ఆ తర్వాత ఒడ్డు కనబడని చోట, లోడు మీద ఉన్నప్పుడు విరిగి బ్లాకును చీల్చుకుని బయటికి వస్తుంది. అప్పుడు కోస్ట్ గార్డ్ 1554 నంబరుకు ఫోన్ చేయాలి, అదీ సిగ్నల్ అందితే.

కట్టేసిన బోటు సిలిండర్లోకి నీళ్లెక్కడివని అడుగుతారు. పొగగొట్టం పైకి పెట్టిన బోటుకు వానే చాలు. మే నెలలో తుపాను జల్లులు పడతాయి, గొట్టానికి మూత ఉండదు, ఏదో ఒక సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునే ఆగి ఉంటుంది. గొట్టం మీద ఒక పాత డబ్బా బోర్లిస్తే తప్పిపోయే నష్టం ఇది! చల్లబరిచే సముద్రపు నీళ్లను సైలెన్సర్‌లోకి వదిలే అమరిక ఉన్న బోట్లలో బెడద ఇంకా ఎక్కువ. ఇంజన్ నీటిమట్టం కన్నా కిందికి ఉండి, నీటి వాల్వు కట్టకపోతే, సైఫన్ పట్టి నీళ్లు వాటంతట అవే ఎక్కుతాయి. పైగా స్టార్ట్ కాని ఇంజనుకు సెల్ఫ్ కొట్టినంతసేపూ పంపు నీళ్లు తోడుతూనే ఉంటుంది. బయటికి నెట్టే పొగ లేదు కాబట్టి సైలెన్సర్ నిండి ఆ నీళ్లు వెనక్కి ఇంజన్లోకే వస్తాయి. డీజిల్ లైనులో గాలి పట్టడం లాంటి చిన్న లోపంతో మొదలైనది అలా పెద్ద రిపేరు అవుతుంది. సిలిండర్ల మూత కింద ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయినా నీళ్లు దిగుతాయి. సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ కారితే నీళ్ల బదులు డీజిలే నిండుతుంది. దెబ్బ మాత్రం ఒకటే.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఇంజన్ మొదటిసారి ఠక్కున ఆగగానే తాళం వదిలేయాలి. గేరు న్యూట్రల్‌లో ఉందా, ప్రొపెల్లరుకు తాడో వల ముక్కో చుట్టుకుందా చూడాలి. బ్యాటరీ తీగలు తీసేసి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పెద్ద పానా పెట్టి ఇంజన్ తిరిగే వైపే చేత్తో నెమ్మదిగా తిప్పాలి. హాయిగా తిరిగితే ఇంజన్ పట్టేయలేదు, తప్పు బ్యాటరీలోనో తుప్పు పట్టిన టెర్మినల్‌లోనో సెల్ఫ్ మోటారులోనో వెతకాలి. కొంత తిరిగి ప్రతిసారీ ఒకే చోట గోడకు తగిలినట్టు ఆగితే లోపల నీళ్లో డీజిలో ఉన్నట్టే. ఇక బలం వాడకూడదు. నాజిళ్లన్నీ విప్పి, ముఖం పక్కకు పెట్టి, చేత్తో తిప్పితే ఉన్నదంతా ఆ రంధ్రాల్లోంచి చిమ్ముతుంది. పూర్తిగా కక్కాక ప్రతి సిలిండర్లో కాస్త ఇంజన్ ఆయిల్ పోయాలి. గేజి పుల్ల తీసి చూడాలి: ఆయిల్ పాల టీలా ఉంటే అది బేరింగులకు విషం. ఆయిలూ ఫిల్టరూ మార్చి, కొద్దిసేపు నడిపి, రంగు తేటపడేదాకా మళ్లీ మార్చాలి. ఖరీదు అనిపిస్తుంది గానీ క్రాంక్ షాఫ్ట్ కన్నా ఆయిల్ చవక. నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయో తేలకుండా మాత్రం బోటు కదపకూడదు.

పానాతో కూడా అంగుళం కదలకపోతే పిస్టన్ రింగులు సిలిండర్ లోపలి గోడకు (లైనరుకు) తుప్పుతో పట్టేసి ఉండొచ్చు. డీజిల్, కిరసనాయిలు లాంటివి పోసి రోజుల తరబడి నాననివ్వాలి, అటూ ఇటూ కొద్దికొద్దిగా కదపాలి. దానికి కావలసింది సమయం. జూన్ 14 సాయంత్రం అది ఎవరి దగ్గరా ఉండదు.

అందుకే ఈ ఉత్తరం. బోట్లు ఒడ్డున ఉన్న ఆ రెండు నెలల్లో మత్స్యశాఖ సిబ్బంది భృతి లెక్కల కోసం వచ్చి రిజిస్ట్రేషన్ నంబర్లు, మనుషుల పేర్లు సరిచూసుకుంటారు. ఆ వచ్చినప్పుడే ఇంజనుకు ఒక పానా కూడా పెట్టిస్తే ఏం పోతుంది? మనుషులు లేరనడానికి లేదు. చేపల వేట పనుల్లో శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ సిఫ్‌నెట్‌కు విశాఖపట్నంలో యూనిట్ ఉంది. అక్కడ నేర్పే కోర్సుల్లో బోటు ఇంజన్ల పని నేర్పే మెరైన్ ఫిట్టర్ ఒకటి. కాకినాడలోనే రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది. మే నెలాఖరులో ఫిట్టర్ కోర్సు కుర్రాళ్లను, అనుభవమున్న స్థానిక మెకానిక్కులను జతలుగా విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవులకు పంపి, రోజు భత్యం ఇచ్చి, ప్రతి మరబోటు ఇంజన్ చేత్తో తిప్పి చూపించమనండి. పట్టేసిన ఇంజన్ అప్పుడే బయటపడితే నానబెట్టడానికి రెండు వారాలు దొరుకుతాయి. ఆ కుర్రాళ్లకు తరగతి గదిలో దొరకని పాఠమూ దొరుకుతుంది.

ఇంజన్ యజమాని సొంత ఆస్తి, దానితో ప్రభుత్వానికేం పని అని ఒక అధికారి నాతో అన్నారు. లైఫ్ జాకెట్ కూడా యజమాని ఆస్తే, అది ఉందో లేదో ఎందుకు చూస్తున్నారు? లీటరుకు 9 రూపాయల రాయితీ ఇచ్చిన డీజిల్ పోసేది ఆ ఇంజన్లోనే. 2025లో భృతిని 20 వేలకు పెంచడం మంచిదే. కానీ రాడ్డు విరిగి బ్లాకు చీలిన ఇంజన్ ముందు ఆ డబ్బు ఏ మూలకూ రాదు. పైగా భృతి అందేది మనిషికి. బోటు ఆగితే ఆ సీజను కూలి పోయేది దాని మీద వెళ్లే కలాసీలందరికీ.

ఈ ఏడాదికి తనిఖీలు కుదరకపోతే, కనీసం రేవుల్లో డీజిల్ పోసే చోట తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక బోర్డు పెట్టించమని మత్స్యశాఖ కమిషనరు గారికి మీ పత్రిక ద్వారా మనవి. అందులో పానాతో తిప్పి చూసే పద్ధతి బొమ్మలతో ఉండాలి. రాసేది అధికారులు కాకుండా మెకానిక్కులైతే సరంగులు చదువుతారు.

ఇట్లు,
ఒక పాత డీజిల్ మెకానిక్,
జగన్నాథపురం, కాకినాడ