ఎంవీపీ కాలనీ చరిత్ర బృందం: ఈ ఏడాది ఏం చేశామంటే

సభ్యులందరికీ నమస్కారం. నివేదిక లేటైంది, లెక్కలు తేలక. ఈ ఏడాది ఆదివారం పొద్దున్నే పార్కులో కూర్చుని కాకతీయుల కాలంలో పాలన, న్యాయం ఎలా నడిచేవో చదువుకుందాం అనుకున్నాం, వానలకి కొన్ని వారాలు ఎగిరిపోయాయి, మిగతావి బానే జరిగాయి.

ఎక్కువ టైం మోటుపల్లి (చీరాల దగ్గర పాత ఓడరేవు) శాసనమే తినేసింది. 1244-45లో కాకతీయ రాజు గణపతిదేవుడు ఓడ వర్తకులకిచ్చిన అభయ శాసనం అది. అంతకుముందు రాజులు తుఫానుకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో బంగారం, ఏనుగులు, గుర్రాలు అన్నీ లాగేసుకునేవారట, ఈయనేమో ప్రాణంకన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం దాటొచ్చినోళ్లు కదా, సుంకం తప్ప ఇంకేం ముట్టుకోం అని రాతి మీద చెక్కించాడు. సుంకం ముప్పైకి ఒకటి. పోర్టులో చేసి రిటైరైన మన బాబాయిగారు వేళ్ల మీద లెక్కేసి "మూడున్నర పర్సెంటు కూడా లేదు కదర్రా!" అన్నారు. కర్పూరం, పన్నీరు, దంతం, రాగి, మిరియాలు, ఇలా సరుకు సరుకుకీ రేటు ఉంది, అంటే రేవులో అధికారి నోటికొచ్చింది అడగడానికి లేదన్నమాట. దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం అని శాసనంలో ఉంది గానీ నాకైతే వ్యాపారమే కనిపించింది, వెలనాడు (కృష్ణకి దక్షిణాన తీరప్రాంతం) గెలిచి తీరం చేతికొచ్చాక ఓడలు భయపడి రాకపోతే రేవుండి ఏం లాభం?

చూడ్డానికి వెళ్లాం కూడా. చీరాల దాకా రైలు, మాట్లాడుకున్న వ్యాన్ హ్యాండిచ్చింది, ఆటోల్లో పోయాం. వీరభద్రుడి గుడి దగ్గర పిల్లలు ఫోన్ టార్చి పక్కనుంచి కొడితే అక్షరాలు లేచి కనపడ్డాయి, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

తర్వాత కేతన విజ్ఞానేశ్వరీయం. మితాక్షర అనే సంస్కృత ధర్మశాస్త్ర వ్యాఖ్యానాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన 13వ శతాబ్దం న్యాయగ్రంథం. మితాక్షర లెక్కన తగువు తేలాలంటే లిఖితం, సాక్షి, భుక్తి (అంటే మన స్వాధీనం), వీటిలో ఏదో ఒకటి ఉండాలి, ఏవీ లేకపోతేనే దివ్యాలు (అంటే నిప్పు, నీళ్లలాంటి వాటితో పెట్టే సత్య పరీక్షలు). ఇక్కడే సభ ఆగిపోయింది, ఎందుకంటే సైటు కేసుల్లో తిరుగుతున్న మెంబర్లు ఇద్దరు కాగితం గొప్పా స్వాధీనం గొప్పా అని మొదలెట్టారు, టిఫిన్లు చల్లారిపోయాయి. నాయంకరం (సైన్యం పెట్టి రాజుకి సాయం చేసే నాయకులకి ఊళ్లు అప్పగించే పద్ధతి) గురించి ఒక్క ఆదివారమే కుదిరింది, అదీ హడావిడిగా.

ఖర్చులు నోటీసు బోర్డులో పెట్టాం. చందా బాకీ ఉన్నవాళ్లు ఈ నెలాఖరుకి ఇచ్చెయ్యండి. మోటుపల్లి రేటే కడతానన్న పెద్దమనిషికి కూడా ఇదే మాట.