రెండో టర్బో కిట్లు ఎందుకు ఆపేశానంటే

అందరికీ నమస్కారం.

పికప్ ట్రక్కు డీజిల్ ఇంజిన్‌కు ఇంటి దగ్గరే రెండో టర్బో బిగించుకునేలా మేము ఇస్తున్న కిట్లు పంపడం ఆపేశాను. ఇప్పటికే బిగించుకున్న ఐదుగురితో ఫోన్‌లో మాట్లాడాను. అడ్వాన్స్ కట్టి ఎదురుచూస్తున్న పదహారు మందికీ, సొంతంగా ప్లాన్ వేసుకుంటూ కొలతల కోసం నన్ను అడుగుతున్నవాళ్లకూ ఇది రాస్తున్నాను. ఆ నోటా ఈ నోటా వినే ముందు నా నోటే వినాలి మీరు.

తప్పు ఒకే ఒక్క పైపులో ఉంది. కానీ అది ఉండకూడని చోట ఉంది.

కొత్తగా వచ్చినవాళ్లకు కిట్ సంగతి రెండు మాటల్లో చెబుతాను. టర్బో అంటే ఒకే షాఫ్టు మీద రెండు చక్రాలు: ఒకదాన్ని ఎగ్జాస్ట్ పొగ తిప్పుతుంది, రెండోది గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపుతుంది. కంపెనీ ఇచ్చిన చిన్న టర్బోను దాని చోటు నుంచి కదపం. దాని ఎగ్జాస్ట్ బయటికొచ్చే చోట మన పైపు బిగించి, ఆ పొగతోనే ఇంకో పెద్ద టర్బోను తిప్పుతాం. గాలి వరస దీనికి తిరగేసి ఉంటుంది. ముందు పెద్ద టర్బో గాలి పీల్చి కొంత నొక్కుతుంది, ఆ నొక్కిన గాలిని చిన్నది అందుకుని మళ్లీ నొక్కుతుంది. ఇక్కడ లెక్క కూడిక కాదు, హెచ్చవేత. పెద్దది 1.6 రెట్లు, చిన్నది 2 రెట్లు నొక్కితే మొత్తం 3.2 రెట్లు. బయటి గాలి ఒత్తిడి దాదాపు 1 బార్ కాబట్టి బూస్ట్ గేజి మీద, అంటే బయటి గాలి కంటే ఎంత ఎక్కువ ఒత్తిడి ఉందో చూపే మీటరు మీద, 2.2 బార్ కనిపిస్తుంది. అంత పనీ ఒక్క చిన్న టర్బో చేతే చేయిస్తే దాని షాఫ్టు హద్దు దాటి తిరుగుతుంది, గాలి కంటే వేడే ఎక్కువ వస్తుంది. రెండో టర్బో పెట్టేది అందుకే.

ఆ రెండు టర్బోల మధ్య ఎగ్జాస్ట్‌ను మోసే పైపు ఉంది చూశారా, గొడవంతా దానితోనే.

పోయిన నెల పాత కస్టమర్ ఒకాయన ఫోన్ చేశాడు. ‘అన్నా, బండి బాగానే లాగుతోంది గానీ ఈల మారింది’ అన్నాడు. బరువు వేసుకుని కొండ దారి ఎక్కాడట, దిగి వచ్చాక చూస్తే పెద్ద టర్బో చప్పుడు సన్నగా, గీసినట్టు వస్తోందట. చెవితో బండిని పట్టుకునే మనిషి ఆయన. ఆయన మాట నేను తోసెయ్యను. ‘ఇంక తోలకు, నేనే వస్తున్నా’ అని వెళ్లాను.

పెద్ద టర్బోలో పొగ తిప్పే చక్రం ఉండే గూడు, అదే టర్బైన్ హౌసింగ్, విప్పి టార్చి వేసి చూస్తే, చక్రం రెక్కల చివర్లు ఎలుక కొరికినట్టున్నాయి. పొగ లోపలికొచ్చి మొదట తగిలే అంచు అది. పదకొండు రెక్కల్లో ఏడింటికి గంట్లు. ఒక రెక్క కొన కొద్దిగా వంగింది కూడా. షాఫ్టు పట్టుకుని ఊపితే ఇంకా హౌసింగ్‌కు తగలడం లేదు గానీ, బ్యాలెన్స్ పోయిన చక్రం బేరింగ్‌ను తినడం మొదలుపెడితే ఆగదు. నిమిషానికి లక్ష దాకా తిరిగే చక్రం అది.

చిన్న టర్బో చక్రం మాత్రం అద్దంలా ఉంది. అంటే ఇంజిన్‌లోంచి ఏదీ ఊడి రాలేదు. ఊడింది రెండు టర్బోల మధ్యలోనే. మధ్యలో ఉన్నది నా పైపే.

షెడ్డుకు తెచ్చి ఆ పైపును గ్రైండర్‌తో నిలువుగా రెండు చెక్కలు చేశాను. బయట వెల్డింగ్ చూస్తే ముచ్చటేస్తుంది, పైసలు వరసగా పేర్చినట్టు. లోపల మాత్రం అదే అతుకు నల్లగా, గరుగ్గా, మాడిన పంచదారలా పొక్కులు పొక్కులుగా ఉంది. గోటితో గీకితే రాలింది.

వెల్డింగ్ చేసేవాళ్లకు ఇది తెలిసిన సంగతే, దాన్ని షుగర్ అనే అంటారు. స్టెయిన్‌లెస్ స్టీలు పైపుకు టిగ్ అనే పద్ధతిలో వెల్డింగ్ చేసేటప్పుడు బయట వెల్డింగ్ టార్చి నుంచి ఆర్గాన్ అనే గ్యాసు వచ్చి కరిగిన లోహాన్ని కాపాడుతుంది. పైపు లోపలి వైపు ఎవరు కాపాడతారు? లోపల కూడా ఆర్గాన్ నింపాలి. రెండు చివర్లూ మూసి, కింది నుంచి ఆర్గాన్ వదిలి, పైన చిన్న బెజ్జంలోంచి గాలి పూర్తిగా వెళ్లిపోయేదాకా ఆగాలి. ఆర్గాన్ గాలి కంటే బరువు కాబట్టి కింది నుంచే నింపాలి. ఒక్కో అతుకుకు కొన్ని నిమిషాలు, కొంత గ్యాసు. అది మానేస్తే లోపలి వైపు గాలిలోని ఆక్సిజన్‌కు మాడి ఇలా పొక్కులు కడుతుంది. సైలెన్సర్ వైపు పైపులో అయితే రాలినా బయటికే పోతుంది. ఇక్కడ రాలితే ఎదురుగా ఉన్నది టర్బైన్ చక్రం.

ఈ పైపు మా షెడ్డులో చేయలేదు, బయట చేయించాను. డ్రాయింగ్ మీద ‘లోపల ఆర్గాన్ పెట్టాలి’ అని నా చేత్తో రాసి, కింద గీత కూడా గీశాను. ముందుగా మూడు శాంపిల్ పైపులు వచ్చాయి. ఒకటి కోసి చూశాను, లోపల వెండిలా మెరిసింది. నమ్మాను. తర్వాత నలభై పైపుల లాట్ వచ్చింది. అందులోంచి ఒక్కటి కూడా కోయలేదు. శాంపిల్ కోసి లాట్ కోయకపోవడం నా తప్పే, దాన్ని ఎవరి మీదా నెట్టను.

ఆ పైపులు చేసిచ్చినాయనకు ఫోన్ చేస్తే మొదట అలాంటిదేమీ ఉండదన్నాడు. ఫొటోలు పంపాను. డీజిల్ బాగోలేదేమో అన్నాడు. కోసిన చెక్కలు పట్టుకెళ్లి బల్ల మీద పెట్టాను. అప్పుడు ఒప్పుకున్నాడు, కానీ ఒప్పుకున్న తీరు చూడండి: ‘ఇళ్లలో బిగించుకునే సామానుకు ఇంత పట్టింపు ఎందుకండీ?’

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఇంట్లో బిగించుకునేవాడి బండి ఇనుము కాదా? వర్క్‌షాపుకు ఇచ్చే స్తోమత లేక కాదు, తన బండిని తన చేత్తో తెలుసుకోవాలని, ఆదివారాలన్నీ బండి కింద పడుకుని ఒక్కో బోల్టూ టార్క్ చూసుకుని బిగించుకునే మనుషులు మీరు. మీరు నన్ను అడిగే ప్రశ్నలు చాలామంది మెకానిక్‌లు అడగరు. మీ కోసం నాసిరకం సరిపోతుందనుకున్న మనిషితో పదేళ్ల వ్యాపారం ఆ బల్ల దగ్గరే ముగించాను. డబ్బు తిరిగి ఇస్తానన్నాడు, ఇచ్చాడు కూడా. మళ్లీ ఆ గడప తొక్కను.

ఇక నేను నిద్రపోని రాత్రుల సంగతి.

ఐదు బండ్లు రోడ్డు మీద ఉన్నాయి. ఒకటి చెడింది. మిగతా నాలుగు ఏ ఫిర్యాదూ లేకుండా తిరుగుతున్నాయి. వాళ్లకు చెప్పాలా, వద్దా అని కాదు నా సందేహం. చెప్పాలి. ఏం చెప్పాలన్నదే తేలలేదు. ‘ఒకసారి విప్పి, లోపల శుభ్రం చేసి, మళ్లీ బిగించుకోండి’ అంటే అందరికీ తేలిక. నాకు కొత్త పైపుల ఖర్చు తప్పుతుంది, వాళ్లకు ఒక ఆదివారంతో పోతుంది. దగ్గరివాళ్లు అదే చేయమన్నారు. మూడు రోజులు నేనూ అదే చేద్దామనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున్నే లాట్‌లోని రెండు పైపులు తీసుకున్నాను. రాడ్డుకు గ్రైండింగ్ రాయి తగిలించి, చెయ్యి వెళ్లినంత మేరా లోపలి అతుకులు అరగదీశాను. వంపు అవతలి అతుకుకు వైరు బ్రష్షు, తర్వాత పైపు గుండా గొలుసు లాగాను. గాలి కొట్టాను. టార్చి వేసి చూస్తే శుభ్రంగానే ఉంది. సంతోషించాను. తర్వాత ఆ పైపును టార్చి మంటతో ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి, మళ్లీ కాల్చి, ఇలా ఆరుసార్లు చేశాను. నేల మీద తెల్ల గుడ్డ పరిచి, పైపు దాని మీద నిలబెట్టి, రబ్బరు సుత్తితో తట్టాను.

గుడ్డ మీద నల్ల పలుకులు రాలాయి. మొదటి పైపు నుంచి తొమ్మిది, రెండో దాని నుంచి నాలుగు. పెద్దది బియ్యపు గింజలో సగం ఉంటుంది.

కారణం ఆలోచిస్తే తెలుస్తూనే ఉంది. బరువుతో ఎక్కేటప్పుడు ఆ పైపు 500, 600 డిగ్రీలు చూస్తుంది. అరవై సెంటీమీటర్ల స్టెయిన్‌లెస్ పైపు ఆ వేడికి దాదాపు 6 మిల్లీమీటర్లు సాగుతుంది, అందుకే మధ్యలో బెల్లోస్ అనే ముడతల గొట్టం పెడతాం. లోహం సాగినట్టు మాడిన పొక్కు సాగదు. కాలి చల్లారిన ప్రతిసారీ రెండింటి మధ్య పట్టు కొంచెం సడలుతుంది. ఇవాళ శుభ్రంగా కనిపించినా వచ్చే నెల రాలదని నేను మాట ఇవ్వలేను. మాట ఇవ్వలేని పైపును శుభ్రం చేసి వాడుకోండని ఎలా చెప్పను? ఆ గుడ్డ మడతపెట్టి, అదే రోజు మిగతా నలుగురికీ ఫోన్ చేశాను. పైపు విప్పేయమన్నాను.

నలుగురిలో ఒకాయన చాలా కోపం తెచ్చుకున్నాడు. ‘మీరు కూడా ఇలాగే చేస్తే ఇంకెవర్ని నమ్మాలి’ అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. ఆయన అన్నది న్యాయం.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మా సొంత ట్రక్కుకు ఈ కిట్ బిగించి 2,400 కిలోమీటర్లు తిప్పాం, ఏమీ కాలేదు. కానీ అదంతా చదును రోడ్డు, సగం బరువు. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజినీరు తన టర్బోను పరీక్షించడానికి విమానం ఇంజిన్‌ను అమెరికాలోని పైక్స్ పీక్ కొండ మీదికి, దాదాపు 14,000 అడుగుల ఎత్తుకు మోయించుకెళ్లాడు. టర్బో సత్తా ఎక్కడ తేలుతుందో అక్కడికే తీసుకెళ్లాడు. నేనూ బరువు వేసి కొండెక్కించి ఉంటే ఆ పొక్కు మా చక్రాన్ని కొరికేది, మీ చక్రాన్ని కాదు. ఇకపై మా ట్రక్కు నిండు బరువుతో ఎక్కి దిగి వచ్చాకే ఏ కొత్త భాగమైనా మీ దగ్గరికి వస్తుంది.

బిగించుకున్నవాళ్లు ఇంకా పైపు తీయకపోతే దయచేసి తీసేయండి. పాత ఎగ్జాస్ట్ పైపు మళ్లీ బిగించి, గాలి పైపును ఫిల్టర్ నుంచి నేరుగా చిన్న టర్బోకు కలిపితే బండి ముందులాగే నడుస్తుంది. పెద్ద టర్బోకు వెళ్లే ఆయిల్ లైన్ మూయడం మరవకండి, సంప్‌కు, అంటే ఇంజిన్ కింది ఆయిల్ తొట్టికి, వచ్చే డ్రెయిన్ బెజ్జం కూడా. ట్యూన్, అంటే ఇంజిన్‌కు డీజిల్ ఎంత వెళ్లాలో చెప్పే సెట్టింగు, మార్చుకున్నవాళ్లు పాత ట్యూన్ వేయందే బరువు వేయకండి. ఒక్క టర్బో ఇచ్చే గాలికి ఆ డీజిల్ ఎక్కువవుతుంది, నల్లపొగతో పాటు ఎగ్జాస్ట్ వేడి కూడా పెరిగి పిస్టన్ల మీదికి వస్తుంది. పెద్ద టర్బో చక్రం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడండి. షాఫ్టు పక్కలకు కొద్దిగా ఊగడం మామూలే, ముందుకూ వెనక్కూ కదిలినట్టు చేతికి తెలిస్తే, లేదా రెక్క హౌసింగ్‌కు తగిలితే నాకు పంపేయండి. రాను పోను ఖర్చు నాది, చక్రం మార్చే ఖర్చూ నాదే.

అడ్వాన్స్ వెనక్కి కావాలంటే ఒక్క మెసేజ్ పెట్టండి. కారణం చెప్పక్కర్లేదు.

ఈ గొడవ విని కొందరు ‘అయితే మధ్య పైపు లేకుండా, రెండు చిన్న టర్బోలు పక్కపక్కనే పెట్టే కిట్ ఇవ్వండి’ అని అడుగుతున్నారు. ఇవ్వను. రెండు వైపులా సిలిండర్లున్న వీ ఇంజిన్‌కు అది అందంగా కుదురుతుంది, ఒక్కో వైపుకు ఒక్కో టర్బో. మన బండ్లలో సిలిండర్లన్నీ ఒకే వరస. సగం పొగతో ఒక్కో టర్బోను తిప్పాలి, ఒత్తిడి హెచ్చవేత ఉండదు, కింది ఆర్‌పీఎంలో లాగేది కూడా ఏమీ పెరగదు. ఫోక్స్‌వ్యాగన్ అమరోక్‌కు, ఫోర్డ్ రేంజర్‌కు 2 లీటర్ల డీజిల్‌లో కంపెనీయే రెండు టర్బోలు ఇచ్చింది. అక్కడా చిన్నదీ పెద్దదీ ఒకదాని వెనక ఒకటే. ఒక పైపు చెడిందని మంచి ప్లాన్ మార్చుకోను.

సొంతంగా పైపులు చేసుకుంటున్నవాళ్లకు ఒక్క మాట. చాలామంది బూస్ట్ లెక్కల మీద నెలలు గడిపి, పెద్ద టర్బో ఆయిల్ డ్రెయిన్‌ను చివరి రోజుకు వదిలేస్తున్నారు. ఆ ఆయిల్ తన బరువుతోనే సంప్‌లోకి జారాలి. లైన్ లావుగా, వీలైనంత నిటారుగా, ఎక్కడా గుంట పడకుండా, సంప్‌లో ఆయిల్ మట్టానికి పైనే కలవాలి. పెద్ద టర్బోను మరీ కిందికి వేలాడదీస్తే ఈ జారుడు దొరకదు, ఆయిల్ నిలిచి సీళ్ల గుండా ఎగ్జాస్ట్‌లోకి వస్తుంది. కాబట్టి టర్బో చోటు నిర్ణయించేది బానెట్ కింద ఖాళీ కాదు, ఆ డ్రెయిన్. మీ పైపు బయట ఎవరిచేతనైనా వెల్డ్ చేయిస్తుంటే, ఒకటి కోసి చూడండి. ఖర్చని చూడకండి.

ఇకపై ఆ పైపు మా షెడ్డులోనే, నా చేత్తోనే తయారవుతుంది. ఆర్గాన్ లోపలికి పంపే మూతలు లేత్ మీద చేయించాను. రోజుకు రెండు పైపుల కంటే ఎక్కువ చేయను, తొందరపెడితే అసలు చేయను. ప్రతి పైపు మీదా నంబరు, తేదీ కొడతాను. వంపులు కలిపే ముందు లోపలి అతుకుల ఫొటో తీసి మీకు పంపుతాను. ఆరుసార్లు కాల్చి, చల్లార్చి, తెల్ల గుడ్డ మీద తట్టి, ఏమీ రాలకపోతేనే డబ్బాలో పెడతాను.

మొదటి ఐదు పైపులూ ఇప్పటికే బిగించుకున్న ఐదుగురివి. అందులో మొదటిది, ఈల మారిందని ఫోన్ చేసినాయనది, నిన్న సాయంత్రం గుడ్డ మీద తట్టాను. ఏమీ రాలలేదు. రేపు కొత్త చక్రంతో పాటు నేనే తీసుకెళ్లి బిగించి వస్తాను. ఆ తర్వాత అడ్వాన్స్ కట్టిన వరసలోనే మిగతావి.