ఈ సీజన్ నుంచి రేటు ముందే చెప్తాం

మా క్రైస్తవ పాటల ట్రూపును సభలకు పిలిచే సంఘ పెద్దలకు, పాస్టరు అయ్యగార్లకు, అమ్మగార్లకు, మా గదిలో పాటలు రికార్డు చేయించుకునే అందరికీ వందనాలు. నరసాపురం నుంచి కీబోర్డు, తబలా, ప్యాడ్లు (ఎలక్ట్రానిక్ డ్రమ్ములు) వేసుకుని గోదావరి డెల్టా అంతా తిరిగే మమ్మల్ని మీలో చాలామంది ఎరుగుదురు. అందుకే సంగతి సూటిగా చెప్పేస్తాను. ఇకనుంచి ప్రోగ్రాం ఒప్పుకునేటప్పుడే డబ్బు ఎంతో చెప్తాం, సగం అడ్వాన్సు తీసుకుంటాం. "మీకు తోచిన ప్రేమ కానుక ఇవ్వండి" అనే పద్ధతి పెద్ద సభలకు ఆపేస్తున్నాం.

ఈ మాట ఒకరిద్దరి దగ్గర అనేసరికే కబురు పాకిపోయింది. "దేవుని పాటకి రేటేంటి బ్రదర్?" అని ఫోన్లు. ఒక పెద్దాయనైతే "అయితే మీరూ ఆర్కెస్ట్రా వాళ్ళయిపోయారన్నమాట" అన్నారు. నాకు కోపం రాలేదు. ఆయన మా నాన్న ఈడువారు, మమ్మల్ని మొదట స్టేజీ ఎక్కించింది కూడా వారే. ఆయనకి చెప్పిందే మీకూ చెప్తున్నాను. పాటకి రేటు లేదండి. ఆ పాటను మీ ఊరి షామియానా కిందకి తెచ్చే బండికీ డీజిలుకీ ఉంది. తబలా వాయించే మాస్టారి ఇంట్లో పొయ్యి వెలగాలి.

కానుక కవరు ఎలా చేతికొస్తుందో పిలిచే వాళ్ళకి తెలుసు గానీ, ఆ తర్వాత ఏమవుతుందో తెలియదు. ఆశీర్వాదం అయ్యాక భోజనాల దగ్గర అయ్యగారు పక్కకి పిలిచి, పెళ్ళి చదివింపులకి వాడే రూపాయి బిళ్ళ అంటించిన కవరు జేబులో పెడతారు. అక్కడే తెరిస్తే మర్యాద కాదు. ఊరి పొలిమేర దాటాక బండిలో లైటు వేసి తెరుస్తాం. నోట్లు లెక్కపెట్టే లోపే డ్రైవరు అద్దంలోంచి నా ముఖం చూసి "రేపు ఇద్దురు లెండి" అంటాడు. అతను అలా అన్న రాత్రులు చాలా ఉన్నాయి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. తాటాకు పాకలో ఆరాధన చేసుకునే సంఘం ఇచ్చిన కవరు, ఎల్‌ఈడీ తెర పెట్టి సభలు జరిపిన వారి కవరు కన్నా బరువుగా ఉండటం మాకు కొత్తేమీ కాదు. దీన్ని ఎవరి మీదా నిష్ఠూరంగా అనడం లేదు. ఎంతొస్తుందో తెలియకుండా నలుగురిని వెంటేసుకుని తిరగడం ఇక నా వల్ల కావడం లేదు, అంతే.

మా ప్యాడ్స్ తమ్ముడు పగలు రొయ్యల చెరువు మీద కాపలా. రాత్రి ప్రోగ్రాం ఉంటే తన బదులు ఇంకొకరిని పెట్టి, కూలి తనే ఇచ్చుకుని వస్తాడు. కవరు పలచగా ఉంటే అతను వాయించి నష్టపోయినట్టు. తబలా మాస్టారికి షుగరు, రాత్రి భోజనం వేళకి పడాలి. కీబోర్డు కిస్తీ ఇంకా నడుస్తోంది. ఈ లెక్కలన్నీ మీకు అప్పజెప్పడం నాకూ ఇబ్బందిగానే ఉంది. అడిగారు కాబట్టి చెప్తున్నాను.

డబ్బు తీసుకోని చోట్లూ ఉంటాయి, అవి మారవు. ఆదరణ కూటానికి పిలిస్తే ఏమీ అడగం. బండి ఖర్చు కూడా మాదే, నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల వరకు. పోయిన మనిషి ఇంటి ముందు కుర్చీలు వేసి ఉండగా రేటు మాట్లాడే నోరు నాకు లేదు. చిన్న సంఘాల శుక్రవారం ఉపవాస ప్రార్థనలకు నేనూ హార్మోనియమూ వస్తాం, అక్కడ కానుక మీ ఇష్టమే.

ఇక ప్రయాణాలు. సఖినేటిపల్లి అవతల సభలంటే గోదావరిని పంటు (బళ్ళని కూడా ఎక్కించుకునే పెద్ద పడవ) మీద దాటుతాం. వెళ్ళేటప్పుడు హాయిగానే ఉంటుంది. తిరిగొచ్చేసరికి రేవులో పంటు ఆగిపోతుంది. అప్పుడు రాజోలు మీదుగా దిండి వచ్చి, చించినాడ వంతెన దాటి, పాలకొల్లు చుట్టి ఇల్లు చేరాలి. ఎదురుగా కనిపించే ఒడ్డుకి ఇంత తిరుగుడు. అందుకే కోనసీమ ప్రోగ్రాములకి బండి ఖర్చు ఎక్కువ రాస్తాం, "నది దాటితే మీ ఊరేగా" అనకండి.

జూలై, ఆగస్టు నెలల్లో వరద మాట ముందే అనుకుందాం. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక ఉంటే ఫోన్ చేసుకుని దారి చూసుకుని వస్తాం. రెండోది ఎగరేశారంటే లంక గ్రామాలకి రాం. కనకాయలంక కాజ్‌వే లాంటివి నీళ్ళలో ఉన్నప్పుడు పడవలో కీబోర్డు పెట్టుకుని రావడం భక్తి కాదు, మొండితనం. అలా ఆగిన ప్రోగ్రాం అడ్వాన్సు తిరిగి ఇచ్చేస్తాం, లేదా మీరు చెప్పిన ఇంకో తేదీకి జమ చేస్తాం.

సభల టైము గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అసలు గొడవంతా ఇక్కడే. కరపత్రంలో సాయంత్రం 6 గంటలకని వేస్తారు. జనరేటరు ఏడింటికి వస్తుంది. మైకు సెట్టు కుర్రాడు "హలో, చెక్" అంటూ ఇంకో అరగంట. ప్రార్థన, స్వాగతం, శాలువాలు. వచ్చిన నాయకుడు "ఒక్క నిమిషం" అని మైకు అందుకుంటారు. తర్వాత దైవజనులు వర్తమానం (వాక్య ప్రసంగం) అందిస్తూ "ముగించే ముందు" అని మూడుసార్లు అంటారు. మా వంతు వచ్చేసరికి పదికి పది నిమిషాలు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకులు వాడకూడదు. పండుగ సందర్భాలకి అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే వీలు ప్రభుత్వానికి ఉంది గానీ, అది ఏడాదికి 15 రోజులు మించదు, ప్రతి ఊరి ఉజ్జీవ సభకీ వర్తించదు. కానిస్టేబుల్ వచ్చి మిక్సర్ పక్కన నిలబడితే రెండో చరణం మధ్యలో ఆపేసి దిగిపోవాల్సి వస్తుంది. జనం ఏమనుకుంటారు? "ఈ ట్రూపు రెండు పాటలకే అలిసిపోయింది" అంటారు.

కాబట్టి ఒక విన్నపం. మొదటి ప్రార్థన అవగానే మాకు వరసగా నలభై నిమిషాలు ఇవ్వండి. వర్తమానం తర్వాత ఒక్క సమర్పణ పాట చాలు. ఇలా చేసిన చోట జనం కూడా త్వరగా వచ్చి కూర్చోవడం నేను చూశాను.

సముద్రం పక్క ఊళ్ళలో ఇంకో అవస్థ. అంతర్వేది వైపు రాత్రి తేమకి తబలా చర్మం సడలి శ్రుతి దిగిపోతుంది. మాస్టారు ప్రతి పాట మధ్యా సుత్తి తీసి తబలా చుట్టూ ఉండే చెక్క గట్టాల మీద కొడుతుంటే "ఇంకా సెట్ చేసుకుంటున్నారేంటి" అని ముందు వరసలో గుసగుసలు. స్టేజీ పక్కన ఒక పాత రకం బల్బు వెలిగించి ఉంచితే, దాని వేడి దగ్గర తబలా పెట్టుకుంటాం. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, వేడి ఉండదు.

గుడ్ ఫ్రైడేకి పిలిచే వాళ్ళకి చిన్న మాట. సిలువ మీద ఏడు మాటల ఆరాధనకి మేం ప్యాడ్లు తీసుకురాం. హార్మోనియం, తబలా, ఒక ఫ్లూటు. కుర్రాళ్ళు నిరుత్సాహపడతారని తెలుసు. ఈస్టరు తెల్లవారుజామున వాళ్ళకి కావాల్సినంత మోత ఇస్తాం.

వానాకాలం మాకు రికార్డింగు కాలం. ఈసారి పాటలు ఆలస్యమవుతున్నాయని చాలామంది అడిగారు. కారణం కప్పలు. నవ్వకండి. మా గది వెనక కాలువ గట్టు, వాన పడిన రాత్రి కప్పల మోత మైకులోకి దూరిపోతుంది. పగలు వీధిలో బళ్ళు. అందుకని గొంతు రికార్డింగు మధ్యాహ్నం భోజనాల వేళకి మార్చాం, తలుపులకి దళసరి రగ్గులు కట్టాం. చేతిలో ఉన్న పాటలు క్రిస్మస్‌కి ముందే ఇచ్చేస్తాం. కొత్తవి మాత్రం జనవరి తర్వాతే ఒప్పుకుంటాం.

పాట రాయించుకునే వాళ్ళతో కాస్త తీరిగ్గా మాట్లాడాలని ఉంది. ఈమధ్య ఒక సంఘం పెద్దలు వార్షికోత్సవానికి పాట కావాలని వచ్చారు. "మన ప్రాంతానికి సువార్త వచ్చిన చరిత్రంతా రావాలండి" అన్నారు. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరిన మిషనరీలు విలియం బౌడెన్, జార్జ్ బీర్ రావాలి, నరసాపురం రావాలి, కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టించడం రావాలి, వాళ్ళ మొదటి అయ్యగారు రావాలి. అన్నీ మూడు చరణాల్లో! నేను పల్లవి ఇలా ఎత్తుకున్నాను:

వరద నీటి గట్టు పైన
నాటినారు నీదు మాట

ఇది తిశ్రం, అడుగడుగునా మూడు మాత్రలు పడాలి. బౌడెన్ అంటే నాలుగు మాత్రలు, నడక తొట్రుపడుతుంది. "బౌడెను దొర" అంటే మూడూ మూడూ ఆరు, చక్కగా కూర్చుంది. ధవళేశ్వరం ఎంత తిప్పినా ఒదగలేదు. ఆనకట్ట మాత్రం "ఆన", "కట్ట" అని తాళం కోసమే పుట్టినట్టు పడింది. ఊరి పేరు తీసేసి ఆనకట్ట ఉంచుదామంటే ఒక పెద్దాయన ఒప్పుకోలేదు, రెండో పెద్దాయన ఒప్పించారు. ఇక బీర్ దొర. వెనక బెంచీ కుర్రాళ్ళు ఆ పేరు దగ్గర ఎంత ఉత్సాహంగా పాడతారో ఊహించుకోండి. "జార్జి దొరయు" అని రాసి గండం దాటాను. ఇదంతా ఒక సాయంత్రంలో అయ్యే పని కాదు. "రెండు లైన్లేగా, రేపటికి పంపండి" అనే మెసేజీ చూస్తే నాకు టెన్షన్ వస్తుంది.

శ్రుతి విషయం. సోలో గాయకుడి గొంతు బాగుందని పాటను పై స్థాయిలో కట్టేస్తే ఆదివారం సంఘంలో ఎవరూ పాడలేరు. మగవాళ్ళు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో హాయిగా పాడతారు, ఆడవాళ్ళకి అయిదు, అయిదున్నర కావాలి. అందరూ కలిసి పాడాలంటే స్వరాల పరిధి చిన్నదిగా ఉండాలి, తారస్థాయి షడ్జమాన్ని (పై 'స'ని) ఒకసారి తాకి దిగిపోవాలి. యూట్యూబులో మెరిసేలా కావాలా, సంఘం పాడుకునేలా కావాలా, ముందే చెప్పండి. రెండూ ఒక్క పాటలో అంటే సాధారణంగా ఏదీ కాదు.

సినిమా ట్యూనులో దేవుని మాటలు పెట్టమని అడగొద్దు, చెయ్యం. రుచి సంగతి పక్కన పెట్టినా చట్టం ఉంది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రాసినవారి, బాణీ కట్టినవారి హక్కు వారు బతికినంత కాలం, తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది. ఆరాధనలో పాడుకోవడానికి, పెళ్ళి ఊరేగింపులో వాయించడానికి ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. అది చూసి ఆదివారం ఆరాధన వీడియో యూట్యూబులో పెట్టడానికి కూడా వర్తిస్తుందనుకుంటారు. అక్కడ క్లెయిము పడితే ప్రకటనల డబ్బు వాళ్ళకి పోతుంది, లేదా శబ్దం మూగబోతుంది. పాత కీర్తనలకి ఆ భయం లేదు. పాత తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1890లోనే కన్నుమూశారు, ఆయన పాటలు ఎవరైనా పాడుకోవచ్చు, రికార్డు చేసుకోవచ్చు. కానీ ఆ పాటకి ఈమధ్య ఎవరో చేసిన ట్రాక్ మీది కాదు. రికార్డింగుకి వేరే హక్కు, అదీ విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్ళు. నెట్టులో దొరికిన ట్రాకు పెన్‌డ్రైవులో తెచ్చి "దీని మీద పాడించండి" అంటే అందుకే వద్దంటున్నాం.

పాత కీర్తనలు చేయించుకుంటే నాకు మహా సంతోషం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. అయినా మీ ఊరి అమ్మమ్మలు పాడే వరస వేరుగా ఉంటే ఆ వరసే ఫోనులో రికార్డు చేసి పంపండి. నాకు అదే కావాలి.

పేరు గురించి చివరిగా. కొందరు పాట నాతో రాయించుకుని "రచన" దగ్గర తమ పేరు వేయమంటున్నారు. ఇకనుంచి అలా కుదరదు. మీరు వాక్యం, ఆలోచన, నాలుగు మాటలు ఇచ్చి నేను తాళానికి సర్దితే రచన మీదే, నేను స్వరకర్తని మాత్రమే. మొత్తం నేను రాస్తే నా పేరు చిన్న అక్షరాల్లోనైనా ఉంటుంది. సమర్పణ అని మీ పేరు, మీ సంఘం పేరు ఎంత పెద్దగానైనా వేసుకోండి.

డిసెంబరు 20 నుంచి 25 వరకు, 31 రాత్రి ఆరాధనకి తేదీలు అయిపోయాయి. పండుగకి ముందు జరిపే సెమీ క్రిస్మస్‌లకి డిసెంబరు మొదటి రెండు వారాల్లో ఇంకా ఖాళీ ఉంది. సంక్రాంతి మూడు రోజులు ఎక్కడికీ రాం, పిల్లలకి మాటిచ్చాను. రేటు పట్టిక అడిగిన వాళ్ళకి వాట్సాప్‌లో పంపుతాను. సాయంత్రం ఆరు దాటాక ఫోను ఎత్తకపోతే స్టేజీ మీదో పంటు మీదో ఉన్నానని అనుకోండి, మర్నాడు నేనే చేస్తాను.