అక్క మాత్రల సంగతి

ఒరే మాస్టారూ,

ఇన్నాళ్ళూ రాయలేదని కోపంగా ఉంటావు, సారీరా. ఇక్కడ పర్లాకిమిడిలో అందరం కులాసా. చిన్నది ఆరో తరగతికి వచ్చింది, వానలకి ముందే పెంకులు మార్పించాం, మన నాలుగో బెంచీ పెద్దమనిషి బజార్లో కనిపించి నిన్నడిగాడు, ఏమని అడిగి ఉంటాడో నీకు వేరే చెప్పాలా! అవన్నీ తర్వాత. చెల్లెమ్మకి డాక్టరు మాత్రలు రాసిస్తే ఆ చీటీ ఇంకా బీరువాలోనే ఉందన్నావే, అప్పట్నుంచీ నీకు అక్క సంగతి చెప్పాలని ప్రాణం కొట్టుకుంటోంది.

వేసవికి ముందు అక్కని చూసుంటే నువ్వు తట్టుకోలేకపోయేవాడివి. ఉన్నట్టుండి గుండె దడ, చేతుల నిండా చెమట, ఊపిరి అందదు, "తమ్ముడూ, ప్రాణం పోతోందిరా" అని కేక. ఈసీజీ తీయిస్తే బాగుంది, థైరాయిడ్ బాగుంది, ఇంటికొస్తే మళ్ళీ అదే. బజారుకెళ్ళడం మానేసింది. జాకెట్లు కుట్టి ఇల్లు నడిపిన మనిషి మిషను మీద దుప్పటి కప్పేసింది. వాళ్ళత్తగారు దిష్టి తీసింది, ఎవరో తాయెత్తు కట్టారు. ఆఖరికి బరంపురంలో మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాం.

ఆవిడ ఒడియాలో అడుగుతుంటే అక్క కంగారులో తెలుగులోకి వెళ్ళిపోయింది, కాసేపటికి ఆవిడా తెలుగులోకే వచ్చేసింది. ఎంత ఓపికరా ఆవిడకి! ఎప్పుడైనా రోజుల తరబడి నిద్రే అక్కర్లేనంత హుషారుగా ఉన్నావా అని అడిగింది, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగింది. నడుంనొప్పికి ఏం మాత్రలు వేసుకుంటున్నావో కూడా అడిగింది. కొన్ని నొప్పి మాత్రలు తను రాయబోయే మందుతో కలిస్తే రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుందట, అడక్కుండా వేసుకోవద్దంది. అప్పుడు పానిక్ డిజార్డర్, అంటే ఉన్నట్టుండి విపరీతమైన భయం ముంచుకొచ్చే జబ్బు అని చెప్పి ఎస్సిటలోప్రామ్ అనే మాత్ర రాసింది. బావగారు ఫోన్లో చూసి "ఇది డిప్రెషన్ మందు కదమ్మా" అన్నారు. ఆందోళన జబ్బులకీ ముందుగా రాసేవి ఇవేనంది. అలవాటు పడిపోయే మందు కాదు, కానీ మనంతట మనం ఒక్కసారిగా ఆపకూడదు, ఆపితే తల తిరగడం, కరెంటు షాక్ కొట్టినట్టుండటం ఉంటాయంది.

ఇప్పుడు అసలు మాట. మొదలుపెట్టింది 5 మిల్లీగ్రాములతో, అంటే 10 మాత్రలో సగం. అక్క జాకెట్ల కత్తెర పక్కన ఒక బ్లేడు పెట్టుకుని, మాత్రని మధ్య గీత మీద జాగ్రత్తగా కోసి, వేసుకున్న ప్రతి రోజూ క్యాలెండరు మీద కుట్టు సుద్దతో ఒక గీత గీసేది. మొదటి వారం వికారం, నిద్ర సరిగా లేదు, దడ ఇంకా ఎక్కువైంది. ఒక రాత్రి నా చెయ్యి పట్టుకుని "ఈ మందే నన్ను చంపేస్తోందిరా" అని ఏడ్చింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. వాళ్ళత్తగారు "అవి పిచ్చి మందులని ముందే చెప్పాను" అంటోంది, ఒళ్ళు మండిపోయింది నాకు. అయితే డాక్టరమ్మ ఇదంతా ముందే చెప్పింది, మొదటి ఒకటి రెండు వారాలు ఎక్కువైనట్టే ఉండొచ్చు, మానేయకుండా నాకు ఫోన్ చెయ్యండి అని. చేశాం. తిట్టలేదు, విసుక్కోలేదు. 10కి ఇప్పుడే పెంచొద్దు, సగమే ఇంకో వారం నడపండి అంది. ఆ ఒక్క ఫోనే లేకపోతే... సరేలే, ఎందుకిప్పుడు.

మూడో వారం దాటాక అక్క ఒక పొద్దున్న పెరుగన్నం రెండోసారి అడిగి వేయించుకుంది. మేమెవరం ఏమీ అనలేదు, వదిన మాత్రం వంటింట్లోకెళ్ళి కళ్ళు తుడుచుకుంది. తర్వాత 10కి పెంచారు. మందొక్కటే కాదు, భయపడే చోటికి కొంచెం కొంచెంగా వెళ్ళమన్నారు: ముందు వీధి చివర, తర్వాత కిరాణా కొట్టు, తర్వాత బజారు. పూర్తి గుణం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుందన్నారు. మరి మొన్న రథయాత్రకి ఆ జనంలో పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని నించుంది రా మా అక్క! మధ్యలో ఒకసారి దడ వచ్చిందట, పక్కకి జరిగి ఊపిరి నెమ్మదిగా తీసుకుని మళ్ళీ వచ్చి నించుందట. నాకెంత సంతోషమో ఎలా చెప్పను. ఇంకా చాలా నెలలు వాడాలి, బాగైపోయిందని ఆపకూడదన్నారు, అక్కకీ అది తెలుసు. మిషను మీద దుప్పటి తీసేసింది. నీ పెళ్ళి షేర్వాణీ కథ గుర్తొచ్చి మొన్న ఒకటే నవ్వు.

చెల్లెమ్మ వేరే మందులేమైనా వాడుతున్నా, పిల్లల కోసం చూస్తున్నా ముందే ఆ డాక్టరుకి చెప్పండి. మాత్రలు మొదలుపెట్టిన ఆ రెండు వారాలు నువ్వు సెలవు పెట్టైనా పక్కనే ఉండు. చచ్చిపోవాలన్న మాట నోట వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ అని ప్రభుత్వం వాళ్ళ మానసిక ఆరోగ్య ఫోన్ సాయం, నంబరు 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు పడదు. ఇంకోటి, నిద్ర కోసం కొన్నాళ్ళకి వేరే మాత్ర ఇస్తే అది మాత్రం అలవాటయ్యే రకం కావచ్చు, ఎన్నాళ్ళో అడిగి...

పాతపట్నం ఆటో వచ్చేసింది, ఒకటే హారన్ కొడుతున్నాడు. రాత్రికి ఫోన్ చేస్తా, ఆ చీటీ బయటికి తీసి పెట్టు.