బైండోవర్ రిజిస్టర్‌లో ఉన్న పేర్లు శాంతి కమిటీలో ఎందుకు లేవు? – కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

పట్టణ శాంతి కమిటీని కొత్తగా వేయమని ప్రజావాణిలో ఇప్పటికి మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాం. మూడింటికీ ఒకటే జవాబు: ‘తగు చర్య నిమిత్తం సంబంధిత అధికారికి పంపడమైనది.’ ఆ సంబంధిత అధికారి ఎవరో మాకు తెలియదు. పాపం, ఆయనకూ తెలిసినట్టు లేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం.

మీటింగ్ ఎలా జరుగుతుందో మీకు చెప్పనక్కర్లేదు, అధ్యక్షత మీదే. పండగకు రెండు రోజుల ముందు కబురొస్తుంది. మాజీ కౌన్సిలర్లు, పార్టీల పట్టణ అధ్యక్షులు, ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్లు వస్తారు. ముందు వరుసలో పూజారి గారు, ఇమామ్ సాబ్, పాస్టర్ గారు. మన ఊరు మతసామరస్యానికి పెట్టింది పేరని తలా ఐదు నిమిషాలు మాట్లాడతారు. సమోసా, టీ, ఫొటో. శాంతి ప్రయత్నాల్లో 18 నుంచి 29 ఏళ్ల వాళ్లకు చోటివ్వాలని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2015లోనే 2250వ తీర్మానం చేసింది. మన మీటింగ్‌లో ఆ వయసువాడు ఒక్కడే కనిపిస్తాడు, టీ అందించే కుర్రాడు.

యువకుల పేర్లు మీ దగ్గర లేవా అంటే ఉన్నాయి. సరిగ్గా అదే వారంలో వాళ్లంతా తహసీల్దార్ ఆఫీసు వరండాలో ఆధార్ జిరాక్సు, ఇద్దరు జామీనుదారులతో బైండోవర్ కోసం, అంటే గొడవ చేయమని పూచీకత్తు రాసివ్వడానికి, నిలబడి ఉంటారు. చట్టంలో ఆ అధికారం ఉంది, కాదనం. కానీ ఒక పిలుపుతో గల్లీ అంతటినీ రోడ్డెక్కించగలడని మీరే గుర్తించినవాడు, అదే గల్లీని ఇంటికి పంపగలడని ఎందుకు తోచదు?

పెద్ద మసీదు చౌరస్తా సంగతే చూడండి. సెప్టెంబరులో పొద్దు గూకేది ఆరుంబావు ప్రాంతంలో. మగ్రిబ్ (పొద్దు గూకిన వెంటనే చేసే నమాజు) ముగిసి జనం బయటికొచ్చేసరికి పావు తక్కువ ఏడు. ఇషా జమాత్ (రాత్రి సామూహిక నమాజు) ఎనిమిదింటికి. మధ్యలో ఉన్నది గంటా పావు. నిమజ్జనానికి నలభై బండ్లు అనుకుందాం. ఒక్కోటి చౌరస్తాలో నిమిషంలో కదిలితే నలభై నిమిషాల్లో అయిపోతుంది. ఒక్కోటి రెండు పాటలకు ఆగి మూడు నిమిషాలు ఆడిందా, రెండు గంటలు. అంటే చివరి పదిహేను బండ్లు సరిగ్గా నమాజు వేళకు మసీదు ముందుంటాయి. గొడవ పుట్టేది ఆ పదిహేను బండ్ల దగ్గరే. అనుమతి పత్రంలో మాత్రం ‘సా. 4 నుంచి 8 వరకు’ అని ఒక్క ముక్క. బండిని ఆపాలో కదపాలో తేల్చేది ట్రాక్టర్ డ్రైవర్, మిక్సర్ దగ్గర కూర్చున్న కుర్రాడు, ముందు నడిచే ఇరవై మంది. వీళ్లలో ఒక్కరికీ శాంతి కమిటీ మొహం తెలియదు.

ఇక మతపెద్దలు. వాళ్లను పిలిచేదే ఆలస్యం, పిలిచాక అడిగేది అప్పీలు. మగ్రిబ్ వేళ మార్చడం కుదరదు గానీ ఇషా జమాత్‌ను పావుగంటో అరగంటో వెనక్కి పెట్టుకోవచ్చు. అయితే ఆ మాట జుమ్మా రోజు మసీదులో చెప్పాలి. పండగకు రెండు రోజుల ముందు మీటింగ్ పెడితే చాలాసార్లు శుక్రవారం దాటిపోయి ఉంటుంది. పూజారులకూ అంతే. రూటు ఖరారై, మండపాల వాళ్లు డీజేకు అడ్వాన్సు ఇచ్చేశాక ‘మీరు కాస్త చెప్పండి పంతులు గారూ’ అంటే ఎవరు వింటారు?

ముందుగా అడిగితే ఏం జరుగుతుందో హైదరాబాద్‌లోనే చూశాం. 2023 సెప్టెంబరు 28న నిమజ్జనం, మిలాద్ (ప్రవక్త జన్మదినం) ఒకే రోజు పడ్డాయి. ముస్లిం పెద్దలు తమ జులూస్‌ను (ఊరేగింపును) అక్టోబరు 1కి వాయిదా వేసుకున్నారు. 2024లో సెప్టెంబరు 17న నిమజ్జనమని 19కి వాయిదా వేశారు. రెండు రోజుల ముందు ఫొటోకు నిలబెట్టి అడిగితే అయ్యే పనా అది?

ఇంకో వైపు నిర్మల్ జిల్లాలోని భైంసా. 2020 జనవరిలో అక్కడ ఇళ్లు, బండ్లు తగలబడ్డాయి. మొదలైంది సైలెన్సర్ తీసేసిన బైకుల చప్పుడు మీద రాత్రిపూట కుర్రాళ్ల మధ్య వచ్చిన మాటామాటా దగ్గరని అప్పటి వార్తల్లో వచ్చింది. అది పండగా కాదు, ఊరేగింపూ కాదు. పండగలకే మేలుకునే కమిటీ జనవరి రాత్రి ఎక్కడుంటుంది సార్? స్టేషన్ బోర్డు మీద మన కమిటీ సభ్యుల ఫోన్ నంబర్లున్నాయి, చూశారా? అందులో ఇద్దరు కాలం చేశారు. వాట్సాప్‌లో పాత వీడియో ఒకటి ‘మన ఊళ్లోనే, ఇప్పుడే’ అని తిరిగితే, అరగంటలో అబద్ధమని చెప్పాలి. ఎవరికి ఫోన్ చేయాలి, ఆ ఇద్దరికా?

మేం కోట్లేమీ అడగడం లేదు. వార్డుకు ఇద్దరు చొప్పున పాతికేళ్ల లోపు వాళ్లను కమిటీలోకి తీసుకోండి, మండపాల వాళ్లనూ జులూస్ వాలంటీర్లనూ కలిపి. ఆడపిల్లలనూ తీసుకోండి, ఇప్పటి జాబితాలో ఒక్క స్త్రీ పేరూ లేదు. రూటు గీసే రోజే ఇమామ్‌ను, పూజారిని పిలవండి, రెండు శుక్రవారాల ముందు. బండి బండికీ చౌరస్తా దాటే సమయం రాయించి డ్రైవర్ చేత, డీజే వాడి చేత సంతకం పెట్టించండి. నెలకోసారి కూర్చోబెట్టండి, పండగ ఉన్నా లేకున్నా. కమిటీని కొత్తగా వేయండి సార్, నాలుగోసారి అడుగుతున్నాం. అదీ కుదరకపోతే కనీసం ఆ బోర్డు మీద చనిపోయినవాళ్ల నంబర్లు తుడిపించండి.

ఇట్లు,
పట్టణ గణేశ్ మండపాల నిర్వాహకులు, మసీదు కమిటీల సభ్యులు