ఆ క్యాంపుల్లో తల్లులు కూడా ఉన్నారండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో స్టాలిన్ కాలం లేబర్ క్యాంపుల మీద వ్యాసం చదివా, మంచి వ్యాసమే, కానీ మొదట్నుంచి చివరిదాకా చెట్లు నరికిన మగవాళ్ళు, కాలవలు తవ్విన మగవాళ్ళే, ఆడవాళ్ళ గురించి ఒక్క పేరా లేదు.

1937 ఆగస్టులో ఎన్‌కేవీడీ, అంటే సోవియట్ రహస్య పోలీసు శాఖ, 00486 నంబర్ ఆర్డర్ ఇచ్చింది. భర్త మీద దేశద్రోహి ముద్ర పడితే భార్యకి కూడా కనీసం 5 నుంచి 8 ఏళ్ళు క్యాంపు. ఆమె చేసిన నేరమల్లా అతన్ని పెళ్ళి చేసుకోవడం! కజకిస్తాన్‌లో అక్మోలా దగ్గర అచ్చంగా ఇలాంటి భార్యల కోసమే క్యాంపు పెట్టారు. చాలామంది భర్తల్ని అప్పటికే కాల్చేసి ఇంట్లోవాళ్ళకి మాత్రం పదేళ్ళ శిక్ష పడింది, ఉత్తరాలు రాసే హక్కు లేదు అని చెప్పేవాళ్ళు. చంటిపిల్లలుంటే తల్లితోపాటే క్యాంపుకి, ఏడాది ఏడాదిన్నర రాగానే తీసుకెళ్ళి అనాథాశ్రమంలో వెయ్యాలని ఆ ఆర్డర్లోనే ఉంది.

హావా వోలోవిచ్ అని ఉక్రెయిన్‌లో పేపర్ ఆఫీసులో పనిచేసే అమ్మాయి, 1937లో అరెస్టయింది, 15 ఏళ్ళు వేశారు. 1942లో క్యాంపులోనే కూతురు పుట్టింది, పేరు ఎలియొనోరా. అక్కడి ఆయాలు పిల్లల చేతులు టవల్‌తో వెనక్కి కట్టేసి పొగలు కక్కే జావ గబగబా నోట్లో కుక్కేవాళ్ళని ఆమే రాసింది. అడవి పనికెళ్ళి వస్తూ ఆయాలకి కట్టెలు తెచ్చిచ్చి బతిమాలుకుంటే బిడ్డని ఇంకాసేపు చూడనిచ్చేవాళ్ళు. ఆ పాప 1944లో చచ్చిపోయింది, రెండేళ్ళు కూడా నిండలేదు. ఇది చదివాక నాకు రెండ్రోజులు అన్నం సయించలేదు.

1949లో గర్భిణుల్ని, చిన్నపిల్లల తల్లుల్ని వదిలెయ్యమని డిక్రీ వచ్చింది, అందులోనూ రాజకీయ కేసుల వాళ్ళని మినహాయించారు. దొంగతనం చేసిన తల్లి మీద చూపించిన జాలి వీళ్ళ మీద చూపించలేదు.

మన ఇళ్ళల్లో సోవియట్ పిల్లల పుస్తకాలు చదవనివాళ్ళు తక్కువ, నాకూ అవంటే ప్రాణం, అయినా ఈ పిల్లల కథ కూడా మనకి తెలియాలి.

ఇంకో మాట. జైల్లో ఉన్న తల్లి దగ్గర పిల్లల్ని ఆరేళ్ళ దాకా ఉంచొచ్చని 2006లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, ఆ కేసులో ప్రతివాది అప్పటి మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. అక్కడికీ ఇక్కడికీ పోలిక పెట్టట్లేదు, కానీ ఆరేళ్ళు దాటాక చంచల్‌గూడ మహిళా జైలు నుంచి బయటికొచ్చే పిల్లలు ఎక్కడికెళ్తున్నారో, తల్లిని ఎన్నాళ్ళకోసారి చూడనిస్తున్నారో మీ రిపోర్టర్ని పంపి రాయించండి ప్లీజ్.

ఒక పాఠకురాలు,
విద్యానగర్, హైదరాబాద్