క్లాసు మొదలుపెట్టబోతున్న మిత్రుడికి

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం చదివి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. మొత్తానికి కమ్యూనిటీ హాల్లో పిల్లలకి కూచిపూడి క్లాసు పెడుతున్నావన్నమాట! ఏమేం చూసుకోవాలని అడిగావు కదా, గుర్తొచ్చిన వరసలో రాసేస్తాను.

ముందు నేల చూడరా. లైట్లు, ఫ్యాన్లు తర్వాత. సిమెంటు మీద పరిచిన టైల్స్ అయితే పిల్లలు కొట్టే ప్రతి అడుగూ వాళ్ల కాళ్లకే ఎదురు తగులుతుంది. చెక్క నేల దొరికితే అదృష్టమే. దొరక్కపోతే గంతులున్న అడుగులు తక్కువసేపు చేయించు. "ఇంకా గట్టిగా కొట్టండి" అని మాత్రం అనకు. ఎంత చప్పుడు వచ్చిందని కాదు, పాదం మొత్తం ఒకేసారి నేలకి ఆనిందా లేదా అని చూడు.

అరమండి, అదే మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమ, ఆ విషయంలో ఇంకా జాగ్రత్త. పిల్లలు నిన్ను మెప్పించాలని పాదాలు బలవంతంగా పక్కలకి తిప్పేస్తారు, మోకాళ్లు మాత్రం ముందుకే ఉండిపోతాయి. ఆ మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. తిరగాల్సింది తొడ మొదట్లో. మోకాలు కాలివేళ్ల వైపే చూస్తోందా అన్నది ఒక్కటే కొలత పెట్టుకో, లోతు తర్వాత అదే వస్తుంది. ఒక్కసారిగా పొడుగయ్యే వయసు పిల్లలు మోకాలి చిప్ప కింద నొప్పంటే సాకు అనుకోకు. గంతులు ఆపించి, డాక్టర్‌కి చూపించమని ఇంట్లో చెప్పు.

ఇక నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది వెనక వరస గురించి. ఏ క్లాసులోనైనా బాగా చేసేవాళ్లు ముందుకి వచ్చేస్తారు, బిడియపడేవాళ్లు గోడ వైపు జరిగిపోతారు. వెనకున్నవాళ్లకి నీ పాదాలు కనపడవు. ముందున్నవాళ్ల వీపులు చూసి అర క్షణం ఆలస్యంగా చేస్తారు. ఆ ఆలస్యమే అలవాటై, "ఈ పిల్లకి తాళజ్ఞానం లేదు" అన్న పేరు పడిపోతుంది. నిజానికి ఆ పిల్లకి లేనిది నిన్ను చూసే అవకాశం. అందుకే ప్రతి క్లాసులోనూ సగంలో వరసలు మార్చేయి, ముందున్నవాళ్లు వెనక్కి, వెనకున్నవాళ్లు ముందుకి. అప్పుడప్పుడూ నువ్వే హాలు అవతలి కొసకి వెళ్లి నిలబడు, వెనక వరసే ముందు వరస అయిపోతుంది! అందరి పిల్లల కోసం పెట్టిన క్లాసులో సెలెక్షన్ అన్న మాటే రాకూడదని నా పట్టుదల. రాణించేవాళ్లు ఎక్కడైనా రాణిస్తారు. మనం క్లాసు పెట్టేది మిగతావాళ్ల కోసం కూడా.

తాళం ముందు నోటికి, చేతికి రావాలి, కాళ్లకి తర్వాత. తకిట, తకధిమి, తకతకిట, తకిటతకధిమి, తకధిమితకతకిట. వరసగా మూడు, నాలుగు, అయిదు, ఏడు, తొమ్మిది అక్షరాల లెక్కలివి. చప్పట్లతో ఇవి పలికిస్తే పిల్లలకి పెద్ద ఆట. మూడు కాలాల్లోనూ, అంటే మూడు వేగాల్లోనూ, చప్పట్లు తప్పకుండా పలికాకే లేచి నిలబడమను. అభినయ దర్పణమనే పాత నాట్య గ్రంథంలోని ఒంటిచేతి హస్తాలు (చేతి ముద్రలు) 28 కూడా అంతే, శ్లోకం రాగంగా పాడించు, చేతులు వాటంతటవే వస్తాయి. అన్నట్టు, నువ్వు పిల్లల వైపు తిరిగి నిలబడితే నీ కుడి వాళ్లకి ఎడమవుతుంది. చిన్నవాళ్లు దీనికి బాగా తికమకపడతారు, మొదట్లో వాళ్లు చూసే వైపే నువ్వూ తిరిగి చేసి చూపించు.

మగపిల్లల సంగతి. అక్కతో పాటు వచ్చి గుమ్మంలో కూర్చునే తమ్ముళ్లు నీకూ కనపడతారు, లోపలికి పిలువు. "డాన్స్ ఆడపిల్లలకి కదండీ" అనే తండ్రులకి చరిత్ర చెప్పు. కూచిపూడి ఊళ్లో తరాల పాటు ఆడింది మగవాళ్లే. సత్యభామ వేషానికి వేదాంతం సత్యనారాయణ శర్మగారి పేరే ముందు చెప్పుకుంటారు. ఆడపిల్లలకి ఈ విద్య నేర్పడానికి వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారి లాంటి పెద్దలు పూనుకోవలసి వచ్చింది. 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక ఎందరు అమ్మాయిలు నేర్చుకున్నారో నీకు తెలిసిందే. అప్పుడు ఆడపిల్లలకి తలుపు తెరిచినట్టే ఇప్పుడు మనం మగపిల్లలకి తెరవాలి. అలా గుమ్మంలోంచి వచ్చిన కుర్రాడొకడు ఇప్పుడు నా క్లాసులో చిన్నవాళ్లకి అడుగులు సరిచేస్తున్నాడు. వాణ్ణి చూస్తే నాకెంత గర్వమో!

తల్లిదండ్రులు "స్టేజీ ఐటమ్ ఎప్పుడు నేర్పుతారు?" అని తొందరపెడతారు. పళ్లెం మీద నిలబడి ఆడే తరంగం చేయాలని పిల్లలకీ మహా సరదా. పళ్లెం అంచు పాదాలతో పట్టి కదపాలంటే మడమలకీ పిక్కలకీ ఎంత బలం కావాలో నీకు తెలుసు, ఆ విషయంలో ఎవరు బతిమాలినా కరగొద్దు. కానీ స్టేజీ పేరు చెప్పి ఏళ్ల తరబడి ఊరించడం కూడా నాకు నచ్చదు. కొన్ని నెలలకోసారి క్లాసు తలుపులు తీసి, వచ్చిన అడుగులే ఇంట్లోవాళ్ల ముందు చేయించు. మేకప్, నగలు, అద్దె బట్టలు ఏవీ వద్దు. ఖర్చుకి భయపడి పిల్లని మాన్పించే ఇల్లు ఒక్కటి కూడా ఉండకూడదురా.

ఏ రోజుల్లో, ఏ టైముకి పెడుతున్నావో రాయి. ఆరేళ్లవాళ్లనీ పన్నెండేళ్లవాళ్లనీ ఒకే గంటలో కలపకు, అది ఇద్దరికీ విసుగే. నట్టువాంగానికి, అంటే నువ్వు తాళం వేస్తూ ఆడించడానికి, నా దగ్గర ఇంకో జత తాళాలున్నాయి, ఈ వారంలోనే పంపిస్తాను. మొదటి రోజు ఎంతమంది వచ్చారో, వాళ్లలో అబ్బాయిలు ఎందరో వెంటనే చెప్పాలి సుమా.

నీ
నేస్తం